స్టార్ చార్టులో స్పీడ్ రాసే ఉంటుంది కదా, పైలట్లు దాన్ని ఎలా దాటిపోతారు?

అడిగినవారు లైన్ ట్రైనింగ్‌లో (అసలు సర్వీసుల మీద శిక్షణలో) ఉన్న ఫస్ట్ ఆఫీసర్, అంటే కో-పైలట్. స్టార్ అంటే విమానాశ్రయానికి దిగివచ్చే ప్రామాణిక ఎరైవల్ దారి. ప్రశ్న క్లుప్తంగా ఇది: ఎరైవల్ చార్టులో ఫలానా పాయింటు దగ్గర 250 అని అచ్చేసి ఉంటుంది, ఎఫ్ఎంఎస్‌లోనూ (దారినీ స్పీడ్‌నీ లెక్కగట్టే కంప్యూటర్, పైలట్ల భాషలో బాక్సు) అదే లోడ్ అయి ఉంటుంది, ముందు ఇద్దరు కూర్చుని ఉంటారు. అయినా 280లో దాటేయడం ఎందుకు జరుగుతూనే ఉంటుంది? తప్పించుకోవాలంటే ఏం చెయ్యాలి? చార్టుకీ బాక్సుకీ తేడా వస్తే దేన్ని నమ్మాలి?

ముందు సూటి జవాబు. చాలాసార్లు ఆ అంకెను చదివే ఉంటారు. బ్రీఫింగ్‌లో చెప్పుకుంటారు, ఎఫ్ఎంఎస్‌తో సరిచూసుకుంటారు, తర్వాత దాన్ని పాటించే పని ఆటోమేషన్‌కి వదిలేస్తారు. దారిలో ఏటీసీ (కింద ఉండే కంట్రోలర్) ఒక స్పీడో, హెడింగో (ఫలానా దిక్కుకి తిరగమని), డైరెక్టో (ముందున్న పాయింటుకి నేరుగా వెళ్లమని) ఇస్తుంది. ఒక్క నాబ్ కదిలేసరికి ఆ పని మళ్లీ మనిషి మీద పడుతుంది, పడిన సంగతి ఇద్దరిలో ఎవరూ పట్టించుకోరు. అందుకే ఎరైవల్ మొత్తంలో మీరు పదేపదే వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఇప్పుడు స్పీడ్ ఎవరి చేతిలో ఉంది?

కింద మైలు అన్నచోటల్లా నాటికల్ మైలు, స్పీడ్ అన్నచోటల్లా ఇండికేటెడ్ నాట్లు.

ఎయిర్‌బస్ తీసుకుందాం. స్పీడ్ నాబ్ నొక్కి ఉంటే మేనేజ్డ్ స్పీడ్, అంటే స్పీడ్ ఎఫ్ఎంఎస్ చేతిలో ఉంది. ఎఫ్‌సీయూ (నాబ్‌లు ఉండే పలక) కిటికీలో గీతలు, పీఎఫ్‌డీ (పైలట్ ముందున్న ప్రధాన తెర) మీద టార్గెట్ మెజెంటాలో. నావ్ మోడ్‌లో (ఫ్లైట్ ప్లాన్ దారిని అనుసరించే మోడ్), మేనేజ్డ్ స్పీడ్‌లో ఉన్నంతసేపు ఎఫ్ఎంఎస్ తన ఫ్లైట్ ప్లాన్‌లో ఉన్న స్పీడ్ పరిమితిని లెక్కలోకి తీసుకుంటుంది, పాయింటుకి ముందే తగ్గించడం మొదలుపెడుతుంది. కంట్రోలర్ "స్పీడ్ 280" అన్నాడనుకోండి, నాబ్ లాగి 280 పెడతారు. టార్గెట్ నీలంలోకి మారుతుంది, ఇది సెలెక్టెడ్ స్పీడ్. ఆ క్షణం నుంచి ముందున్న 250 విమానానికి పట్టదు. ఫ్లైట్ ప్లాన్ పేజీలో 250 అలాగే కనిపిస్తుంది, ఎన్‌డీ (మ్యాప్ తెర) మీద పాయింటు చుట్టూ వలయం కూడా ఉండొచ్చు. కనిపిస్తోంది కాబట్టి పాటిస్తుందనుకోవడంలోనే మోసపోతారు. హెడింగ్ మోడ్‌లోకి వెళ్లినా అంతే, స్పీడ్ పరిమితులు పక్కకి పోతాయి.

బోయింగ్‌లో పేర్లు వేరు, గొడవ అదే. వీనావ్‌లో (ఎత్తూ స్పీడూ కంప్యూటరే చూసుకునే మోడ్) ఉంటే ఎఫ్ఎంసీ (బోయింగ్ బాక్సు) పరిమితి పాటిస్తుంది. స్పీడ్ ఇంటర్వెన్షన్ నొక్కి ఎంసీపీ (బోయింగ్‌లో నాబ్‌ల పలక) కిటికీ తెరిచినా, లెవెల్ ఛేంజ్‌లోకో వర్టికల్ స్పీడ్‌లోకో వెళ్లినా, కిటికీలో ఉన్న అంకెదే రాజ్యం. తుఫాను మేఘాన్ని తప్పించుకోవడానికో, కంట్రోలర్ అడిగిన డిసెంట్ రేటు ఇవ్వడానికో మోడ్ మారుస్తారు. ఆ పని అయిపోతుంది, మోడ్ మాత్రం అలాగే ఉండిపోతుంది.

ఇంకో మాట. వీనావ్ పాత్‌లోనో ఎయిర్‌బస్ డీఈఎస్‌లోనో (రెండూ లెక్కగట్టిన దారి మీద దిగే మోడ్‌లు) ఉన్నారు కాబట్టి స్పీడ్ ఖాయం అనుకోకండి. అక్కడ థ్రస్ట్ ఐడిల్‌లో ఉంటుంది, ముక్కు ఎత్తూ దించూ దారిని పట్టుకోవడానికి వాడుతుంది. అనుకున్నదానికంటే వెనకగాలి ఎక్కువుంటే, ఇంజిన్ యాంటీ ఐస్ వేస్తే, స్పీడ్ పెరుగుతుంది. అప్పుడు డ్రాగ్ (గాలి నిరోధం) పెంచమని బోయింగ్ "డ్రాగ్ రిక్వైర్డ్" అంటుంది, ఎయిర్‌బస్ "మోర్ డ్రాగ్" అంటుంది. ఎయిర్‌బస్ ఫ్లైట్ ప్లాన్‌లో పరిమితి పక్కన నక్షత్రం మెజెంటాలో ఉంటే అందుకుంటాననీ, యాంబర్‌లో ఉంటే అందుకోలేననీ అర్థం. యాంబర్ నక్షత్రం చూసి కూడా "అదే సర్దుకుంటుందిలే" అని కూర్చునేవాళ్లే ఎక్కువ. దాని అంతట అది సర్దుకోదు, స్పీడ్ బ్రేక్ (రెక్క మీది పలకలు లేపి డ్రాగ్ పెంచే లీవర్) మీరే లాగాలి.

ఎత్తుకి అలారం ఉంది, స్పీడ్‌కి లేదు. నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద కారణం ఇదే, దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. సెట్ చేసిన ఎత్తు దగ్గరపడుతుంటే ఆల్టిట్యూడ్ అలర్ట్ మోగుతుంది, ఇద్దరూ "వెయ్యి అడుగులు" అని కాలౌట్ చేస్తారు, కంట్రోలర్ తెరమీద మీ ఎత్తు కనిపిస్తూనే ఉంటుంది. 250 పరిమితిని 285లో దాటితే కాక్‌పిట్‌లో చప్పుడు ఉండదు. ఓవర్‌స్పీడ్ హెచ్చరిక వీఎంఓకో (విమానం గరిష్ఠ స్పీడ్), ఫ్లాప్ పరిమితికో మోగుతుంది తప్ప చార్టు పరిమితికి కాదు. అందుకే ఒకే పాయింటు దగ్గర ఎత్తూ స్పీడూ రెండూ ఉండి, టైమ్ చాలకపోతే, మనిషి సహజంగా ఎత్తునే కాపాడుకుంటాడు. ముక్కు దించుతాడు, ఎత్తు సరిగ్గా కుదురుతుంది, స్పీడ్ 310 అయి ఉంటుంది.

దీన్ని అంకెల్లో చూడండి. మీరు 24,000 అడుగుల్లో 290తో వెళ్తున్నారు. ముందున్న పాయింటు 11,000 అడుగులు, 250 మించకూడదు. వెయ్యి అడుగులకి 3 మైళ్ల చొప్పున 13,000 అడుగులకి 39 మైళ్లు. 40 నాట్లు తగ్గించాలి, 10 నాట్లకి ఒక మైలు చొప్పున ఇంకో 4. వెనకగాలి 30 నాట్లుంటే ఇంకో 3 కలుపుకోండి. మొత్తం 46. కంట్రోలర్ 40 మైళ్ల దగ్గర "డిసెండ్" అన్నాడంటే, మీరు కిందికి చూడకముందే 6 మైళ్లు అప్పులో ఉన్నారు. ఎత్తు ఒక్కటే లెక్కేస్తే మాత్రం 39 మైళ్లు చాలు కదా, ఇంకా ఒక మైలు మిగిలిందే అనిపిస్తుంది. ఆ అనిపించడంతోనే పరిమితి జారిపోతుంది.

జెట్ విమానం ఒకేసారి గబగబా దిగడం, నెమ్మదించడం రెండూ చెయ్యలేదు. 737కి బోయింగ్ ఇచ్చే అంచనా ప్రకారం లెవెల్‌గా ఎగురుతూ 280 నుంచి 250కి రావడానికి సుమారు 25 సెకన్లు, 2 మైళ్లు. అక్కడి నుంచి 210కి ఇంకో 35 సెకన్లు, 3 మైళ్లు. స్పీడ్ బ్రేక్ వాడితే ఈ దూరాలు దాదాపు సగమవుతాయి. ఇవన్నీ లెవెల్‌లో. 3 డిగ్రీల దారిలో దిగుతూ, ఫ్లాప్స్ లేకుండా, ఐడిల్‌లో ఉంటే చాలా విమానాలు స్పీడ్ తగ్గనే తగ్గవు, బరువుగా ఉంటే కొంచెం పెరుగుతాయి కూడా. అందుకే పాయింటు చేరాక 250 నాబ్ తిప్పడం అర్థం లేని పని. పరిమితి ఆ పాయింటుని దాటే క్షణానికి, తగ్గించడం మొదలయ్యేది దానికి 4, 5 మైళ్ల ముందు, దిగుతూ ఉంటే ఇంకా ముందు.

స్పీడ్ బ్రేక్ గురించి చిన్న విషయం: చాలా ఎ320ల్లో ఆటోపైలట్ ఉండగా లీవర్ పూర్తిగా లాగినా రెక్క మీది పలకలు సగమే లేస్తాయి. పూర్తి డ్రాగ్ వస్తోందనుకుని లెక్కేస్తే తప్పుతుంది.

ఇప్పుడు ఏటీసీ మాటలు. లైన్‌లో కొత్తగా చేరినవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే, ఎందుకంటే దేశాన్ని బట్టి అర్థం కొంచెం కొంచెం మారుతుంది.

ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) డాక్ 4444లో 2016 నవంబర్ 10 నుంచి అమల్లోకి వచ్చిన స్టార్ నియమాల సారం ఇది. స్టార్ మీద దిగమని క్లియరెన్స్ వస్తే అచ్చైన ఎత్తు, స్పీడ్ పరిమితులు రెండూ వర్తిస్తాయి. కంట్రోలర్ పేరుపెట్టి రద్దు చేస్తేనే పోతాయి, అదీ దేన్ని రద్దు చేస్తే అదే. ఎత్తు పరిమితి రద్దు చేసినంత మాత్రాన స్పీడ్ పరిమితి పోదు. స్టార్ మీద ముందున్న పాయింటుకి డైరెక్ట్ ఇస్తే, వదిలేసిన పాయింట్ల పరిమితులు పోతాయి, కలిసిన చోటు నుంచి ముందున్నవన్నీ ఉంటాయి. వెక్టర్ (కంట్రోలర్ చెప్పే హెడింగ్) ఇచ్చి స్టార్ నుంచి బయటికి తీస్తే అన్నీ పోతాయి, అవసరమైనవి కంట్రోలరే చెప్పాలి.

అమెరికాలో "డిసెండ్ వయా" (చార్టు పరిమితులు పాటిస్తూ దిగమని) రాకుండా మామూలు "డిసెండ్ అండ్ మెయింటెయిన్" వచ్చినా స్టార్ మీద ఉన్నంతవరకు అచ్చైన స్పీడ్‌లు పాటించాల్సిందే. ఇది చాలామంది పొరబడే చోటు: ఎత్తు పరిమితులు పోయాయి కాబట్టి స్పీడ్ కూడా పోయిందనుకుంటారు. అక్కడ ఇంకో మూడు వాక్యాలు వేర్వేరుగా గుర్తుంచుకోవాలి. "రిజ్యూమ్ నార్మల్ స్పీడ్" అంటే ఏటీసీ ఇచ్చిన స్పీడ్ ముగిసిందని, అంతే. ముందు వచ్చే ప్రొసీజర్‌లోని పరిమితిని అది చెరపదు. "రిజ్యూమ్ పబ్లిష్డ్ స్పీడ్" అంటే మళ్లీ చార్టు అంకెలకి వెళ్లమని. "డిలీట్ స్పీడ్ రిస్ట్రిక్షన్స్" అంటేనే అచ్చైనవి కూడా పోయినట్టు. అయినా 10,000 అడుగుల కింద 250 అనే చట్టం ఈ మూడింటిలో దేనితోనూ పోదు.

అనుమానం వస్తే అడగండి. "కన్ఫర్మ్ 250 ఎట్ ఫలానా పాయింట్ స్టిల్ అప్లైస్" అనడానికి మూడు సెకన్లు పడుతుంది. ఏ కంట్రోలరూ విసుక్కోడు. విసుక్కున్నా మీకు పోయేదేమీ లేదు.

డైరెక్ట్‌లో దాగున్న ఇంకో చిక్కు. చార్టులో వరసగా నాలుగు పాయింట్లు ఉన్నాయనుకోండి: మొదటిది 280, రెండోది 250, మూడోదానికి ఏమీ లేదు, నాలుగోది 210. కంట్రోలర్ మిమ్మల్ని మొదటిదాని నుంచి నేరుగా మూడోదానికి పంపాడు. బాక్సులో రెండో పాయింటు మాయమైంది, దానితో 250 కూడా మాయమైంది. నావిగేషన్ డేటాబేస్ కోడింగ్‌లో ఎరైవల్ స్పీడ్ ఆ పాయింటు నుంచి ముందుకి, తర్వాతి పరిమితి దాకా వర్తిస్తుంది. ఆ పాయింటే లేకపోతే దాని వారసత్వమూ ఉండదు. ఇప్పుడు మీరు 280తో వెళ్తూ, దూరం తగ్గిపోయి, ఒకే అంగలో 210కి రావాలి. లెవెల్‌లోనే 5 మైళ్లు కావాలి, దిగుతూ ఉంటే అంతకు రెట్టింపైనా చాలకపోవచ్చు. షార్ట్‌కట్ దొరికిందని సంబరపడే సమయంలోనే ముందున్న మొదటి స్పీడ్ ఏమిటో చూసుకోవాలి. 250 వర్తించదని నియమం చెప్పినా, వెనకాముందూ ఉన్న విమానాలు 250లో ఉంటాయి కాబట్టి కంట్రోలర్ మీ స్పీడ్ గురించి ఏమనుకుంటున్నాడో అడిగి తెలుసుకోవడం మేలు.

రన్‌వే మారడం ఇంకో పెద్ద వల. కొత్త ట్రాన్సిషన్ (ఆ రన్‌వేకి కలిపే దారి) ఎంచుకోగానే ఎఫ్ఎంఎస్ ఫ్లైట్ ప్లాన్‌ని తిరగరాస్తుంది. మీరు చేత్తో పెట్టిన పరిమితులు పోతాయి, కొత్త ట్రాన్సిషన్‌లో వేరే స్పీడ్ ఉండొచ్చు. బ్రీఫింగ్ మాత్రం పాత రన్‌వేకి చేసింది.

చార్టులో స్పీడ్ ఎక్కడెక్కడ దాక్కుంటుందో కూడా తెలియాలి. పాయింటు పక్కన ఉన్నది అందరూ చూస్తారు. కనిపించనివి ఇవి: మూలనున్న నోట్స్ పెట్టెలో ఉన్న "ఫ్లైట్ లెవెల్ 100 కింద 250" లాంటివి, ఫలానా దిక్కుకి ల్యాండ్ అవుతుంటేనే వర్తించేవి, జెట్‌లకి మాత్రమే అన్నవి, హోల్డింగ్ (గాల్లో చక్కర్లు కొడుతూ ఆగడం) పట్టిక. షరతు ఉన్న నోట్లు చాలావరకు డేటాబేస్‌లో కోడ్ అవ్వవు, అంటే బాక్సు ఎంత వెతికినా అవి దొరకవు. లండన్ ఎరైవల్స్‌లో స్పీడ్ లిమిట్ పాయింట్ అని దారికి అడ్డంగా ఒక గుర్తు ఉంటుంది, అక్కడికి 250కి రావాలి. పేరున్న వేపాయింట్లనే వెతికే కన్ను దాన్ని సులువుగా దాటేస్తుంది.

ఎఫ్ఎంఎస్‌లో డిఫాల్ట్‌గా ఉండే 250/10,000 అనే లిమిట్‌ని చార్టు పరిమితిగా పొరబడొద్దు. కంట్రోలర్ "హై స్పీడ్ అప్రూవ్డ్" అంటే ఆ డిఫాల్ట్‌ని తీసేస్తారు. తర్వాతి సెక్టార్‌లో (ఫ్లైట్‌లో) "ఇంతకుముందు స్పీడ్ తీసేశారు కదా" అని ఎవరో ఒకరు పాయింటు మీది 230ని కూడా పోయినట్టే లెక్కేస్తారు. అవి రెండూ వేర్వేరు.

అమెరికా ప్రభుత్వ చార్టుల్లో అంకె చుట్టూ గీతలు చూడండి. పైన గీత ఉంటే అంతకి మించకూడదు, కింద గీత ఉంటే అంతకి తగ్గకూడదు, పైనా కిందా ఉంటే సరిగ్గా అంతే. 280 సరిగ్గా ఉండాల్సిన చోట "జాగ్రత్త కోసం" 250తో వెళ్లడం కూడా పరిమితి తప్పడమే. వెనకాలవాడు మీ మీదికి వస్తాడు. చాలా ఎఫ్ఎంఎస్‌లు ఏ స్పీడ్‌నైనా "అంతకి మించకుండా" అనే చదువుకుంటాయి కాబట్టి, ఇంధనం ఆదా లెక్కలో నెమ్మదిగా దిగే కాస్ట్ ఇండెక్స్ (సమయం, ఇంధనం ఖర్చుల నిష్పత్తి) పెట్టి ఉంటే బాక్సు మిమ్మల్ని తక్కువ స్పీడ్‌తో దాటిస్తుంది.

20, 30 నాట్లకి ఇంత రాద్ధాంతమా అని ఎవరైనా అంటే రెండు లెక్కలు చెప్పండి. 10,000 అడుగుల దగ్గర ముందున్నవాడు 250, మీరు 280 అంటే ట్రూ ఎయిర్‌స్పీడ్‌లో తేడా సుమారు 35 నాట్లు. నిమిషానికి అర మైలు పైనే దగ్గరవుతారు. టెర్మినల్ ఏరియాలో మామూలు రాడార్ ఎడం 3 మైళ్లు. కంట్రోలర్ 4 మైళ్లు ఉంచి పంపితే రెండు నిమిషాల్లో ఆ ఎడం పోతుంది. రెండోది మలుపు. అదే ఎత్తులో 25 డిగ్రీల బ్యాంక్‌తో 250 ఇండికేటెడ్ దగ్గర మలుపు వ్యాసార్థం సుమారు 2.6 మైళ్లు, 210 దగ్గర సుమారు 1.9. 210 అనుకుని గీసిన మలుపుని 250తో తిరిగితే పక్క దారి మీదికో కొండ వైపుకో జరుగుతారు.

కంట్రోలర్‌కి గ్రౌండ్‌స్పీడే కనిపిస్తుంది, ఇండికేటెడ్ తెలియదు అని ధీమాగా ఉండేవాళ్లు ఉన్నారు. మోడ్ ఎస్ ఎన్‌హాన్స్‌డ్ సర్వైలెన్స్ ఉన్నచోట విమానమే తన ఇండికేటెడ్ స్పీడ్‌ని కిందికి పంపుతుంది.

ఇక మీరు చెయ్యాల్సినవి. దీనికోసం కొత్త చెక్‌లిస్ట్ అక్కర్లేదు.

బ్రీఫింగ్‌లో పాయింట్లు మొత్తం పారాయణం చెయ్యకండి, వినేవాడికి ఒక్కటీ గుర్తుండదు. ఎత్తూ స్పీడూ రెండూ ఉన్న పాయింట్లని మాత్రం విడిగా పట్టుకుని, ఒక్కోదానికి ఎన్ని మైళ్ల ముందు తగ్గించడం మొదలుపెట్టాలో చెప్పండి. "11,000, 250, ఐదు మైళ్ల ముందు" చాలు. కాగితం మీదో టాబ్లెట్ మీదో ఆ అంకె చుట్టూ గుండ్రంగా గీసుకోండి.

పైలట్ మానిటరింగ్‌గా (నడపకుండా గమనించే పైలట్‌గా) ఉన్నప్పుడు ప్రతి పాయింటు దాటగానే "నెక్స్ట్ స్పీడ్" అని చెప్పడం అలవాటు చేసుకోండి: "నెక్స్ట్ 250, 12 మైల్స్, సెలెక్టెడ్ 280." ఈ మూడో మాటే అన్నిటికంటే విలువైనది, స్పీడ్ ఎవరి చేతిలో ఉందో అది బయటపెడుతుంది. స్పీడ్ నాబ్ లాగినా నొక్కినా, హెడింగ్‌లోకి వెళ్లినా, మోడ్ పైకి చదవండి; దాంతోపాటే ముందున్న పరిమితి చెప్పండి. ఏటీసీ స్పీడ్ ఇచ్చినప్పుడు "ఎక్కడిదాకా?" అన్నది క్లియరెన్స్‌లో లేకపోతే అడగండి.

ఫ్రీక్వెన్సీ మారే చోటు జాగ్రత్త. పాత కంట్రోలర్ ఇచ్చిన 280 కొత్త కంట్రోలర్‌కి తెలుసో తెలియదో. మొదటి కాల్‌లోనే "డిసెండింగ్ వయా, స్పీడ్ 280 అసైన్డ్" అని చెప్పేస్తే చిక్కు తీరిపోతుంది.

అందుకోలేమని తెలిస్తే, పాయింటుకి ముందే చెప్పండి: "అన్‌ఏబుల్ 250 ఎట్ ఫలానా, ప్రెజెంట్ స్పీడ్ 280, రెడ్యూసింగ్." కంట్రోలర్ దగ్గర అప్పటికి ఇంకా దారులు ఉంటాయి: వెక్టర్ ఇస్తాడు, ఎత్తు పరిమితి తీసేస్తాడు. ఎత్తు తీసేస్తే మీరు లెవెల్ అయి స్పీడ్ తగ్గించుకోవచ్చు. దాటాక చెబితే అది ఫిర్యాదు కాగితం అవుతుంది. కంగారులో ఫ్లాప్స్‌ని బ్రేకుల్లా వాడకండి. ఎ320లో ఫ్లాప్ 1కి 230 పరిమితి, 280లో వెళ్తున్నవాడికి అది ఎలాగూ అందదు. 737లో గేర్ దించడానికి 270, ఎ320లో 250. గేర్ గట్టి డ్రాగ్ ఇస్తుంది కానీ దాన్ని వాడే పరిస్థితి వచ్చిందంటే, 15 మైళ్ల వెనకే స్పీడ్ బ్రేక్ లాగి ఉండాల్సింది.

జరిగిపోతే కంపెనీ సేఫ్టీ రిపోర్ట్ రాయండి. అమెరికాలో ఎగిరేవాళ్లకి నాసా నడిపే ఏఎస్ఆర్ఎస్ అనే సేఫ్టీ రిపోర్టింగ్ వ్యవస్థ ఉంది; కావాలని చేసింది కాకపోతే, 10 రోజుల్లోపు రాస్తే చాలా సందర్భాల్లో జరిమానా నుంచి రక్షణ దొరుకుతుంది. రిపోర్టులో "మరచిపోయాము" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. స్పీడ్ ఏ క్షణంలో మేనేజ్డ్ నుంచి సెలెక్టెడ్‌కి వచ్చింది, ఎందుకు వచ్చింది, తర్వాత ఏ మాట దాన్ని కప్పేసింది అన్నది రాయండి.

చివరి ప్రశ్న, చార్టా బాక్సా. చార్టే, దానిపైన నోటామ్ (పైలట్లకి వచ్చే తాజా మార్పుల నోటీసు). డేటాబేస్ చార్టుని చూసి కోడ్ చేసింది, దానికి విలువ అంతవరకే. తేడా కనిపిస్తే ఫ్లైట్ ప్లాన్‌లో చేత్తో సరిదిద్దండి, ఇద్దరూ చూసుకోండి, రన్‌వే మారితే ఆ దిద్దుబాటు పోతుందని గుర్తుంచుకోండి. దిగాక టెక్నికల్ లాగ్‌కి కాకుండా మీ కంపెనీ నావిగేషన్ డేటా విభాగానికి చార్టు పేరు, తేదీ, పాయింటు, రెండు అంకెలూ రాసి పంపండి. తప్పు ఆ సైకిల్‌లో ఉంటే, తర్వాతి 28 రోజుల సైకిల్ వచ్చేదాకా మీ వెనక వచ్చే ప్రతి సిబ్బందికీ అదే ఎదురవుతుంది.